నాన్న పోయారు, లైసెన్సులో గడువు మాత్రం 2027 దాకా ఉంది

ప్రశ్న: మాది అనంతపురం జిల్లాలో ఒక పల్లె. నేను, తమ్ముడు ఇద్దరం బెంగళూరులోనే ఉంటాం. నాది మారతహళ్లి, వాడిది జిగణి దగ్గర. నాన్న పోయి ఏడు నెలలయింది. ఆయన పేరున రెండు తుపాకులకు లైసెన్సు ఉంది. ఒకటి పన్నెండు బోర్ డబుల్ బ్యారెల్, ఇంకోటి పాయింట్ 32 రివాల్వర్. డబుల్ బ్యారెల్ ఊళ్లో బీరువాలో ఉంది, అమ్మ ఒక్కతే ఉంటోంది. రివాల్వర్‌ను కర్మల తర్వాత తమ్ముడు కారులో తన ఇంటికి తెచ్చేసుకున్నాడు. దాన్ని పట్టుకుని దిగిన ఫొటో కొన్నాళ్లు వాట్సాప్ డీపీగా కూడా పెట్టాడు. అడిగితే “లైసెన్సు 2027 దాకా ఉంది కదక్కా, టెన్షన్ ఎందుకు” అంటాడు. తన ఆఫీసులో కూర్గ్ స్నేహితుడికి అసలు లైసెన్సే అక్కర్లేదట, అదీ చెబుతాడు. ఇవి కాక హాల్లో గోడకు మా జేజినాయన కాలం నాటి తుపాకి ఒకటి వేలాడుతోంది. మందు కూరి కాల్చేది. అది లైసెన్సులో కనిపించలేదు. చిన్నాన్నేమో “రివాల్వర్ ఊరికి తెచ్చేయండి, రెండూ కలిపి మన స్టేషన్లో ఇచ్చేద్దాం, అందరూ తెలిసినవాళ్లే” అంటున్నారు. తమ్ముడికి రివాల్వర్ ఉంచుకోవాలని ఉంది. నాకు మాత్రం ఇంట్లో చిన్నపిల్లలున్నారని భయం, ఇన్నాళ్లు ఎందుకు చెప్పలేదని పోలీసులు అమ్మను ఇబ్బంది పెడతారేమోనని ఇంకో భయం. ఏం చేయాలి? పేరు వేయకండి.

సమాధానం: అమ్మా, ముందు మీ తమ్ముడి మాటే చూద్దాం. మిగతా చిక్కులన్నీ అక్కడి నుంచే పుట్టాయి. లైసెన్సు పుస్తకంలో 2027 అని ఉన్నది నిజమే. 2019లో ఆయుధాల చట్టానికి సవరణ వచ్చాక లైసెన్సు కాలం మూడేళ్ల నుంచి ఐదేళ్లయింది. మీ నాన్నగారు 2022లో రెన్యువల్ చేయించి ఉంటారు, అందుకే ఆ తేదీ. కానీ ఆ లైసెన్సు ఆయనకిచ్చింది. ఆయన నడవడిక, ఆయన వయసు, ఆయన అవసరం చూసి ఇచ్చింది. తండ్రి కారు కొడుక్కి వారసత్వంగా వస్తుంది గాని తండ్రి డ్రైవింగ్ లైసెన్సు రాదు కదా, ఇదీ అంతే. ఆయన కన్నుమూసిన రోజే ఆ లైసెన్సు పని అయిపోయింది. ఆ రోజు నుంచి ఆ రెండు ఆయుధాలూ ఎవరి ఇంట్లో, ఎవరి తాళం కింద ఉన్నాయో వాళ్లు లైసెన్సు లేకుండా ఉంచుకున్నట్టే. వాడాల్సిన పని లేదు, ఉంటే చాలు.

అది చిన్న నేరమేమీ కాదు. 1959 నాటి ఆయుధాల చట్టం మూడో సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకి గాని తూటాలు గాని ఉంచుకోకూడదు. 2019 సవరణ తర్వాత దీనికి శిక్ష రెండేళ్లకు తక్కువ కాకుండా ఐదేళ్ల దాకా జైలు, పైగా జరిమానా. మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పడం లేదు. మీ తమ్ముడికి ఈ వాక్యం చదివి వినిపించండి, అంతే.

అదే చట్టం మీకొక దారి కూడా చూపిస్తోంది. ఇరవై ఒకటో సెక్షన్ చూడండి. గడువు తీరడం వల్లనో, రద్దు కావడం వల్లనో, మరే కారణం చేతనైనా ఆయుధం చట్టబద్ధంగా ఉంచుకునే వీలు పోతే, అనవసరమైన ఆలస్యం లేకుండా దగ్గర్లోని పోలీసు స్టేషన్లో గాని, లైసెన్సున్న ఆయుధాల డీలరు దగ్గర గాని అప్పగించాలి. యజమాని చనిపోతే ఆయన వారసులకు దాన్ని తర్వాత తిరిగి తీసుకునే హక్కు, అర్హత ఉన్న వాళ్లకు అమ్ముకునే హక్కు కూడా ఆ సెక్షన్లోనే ఉన్నాయి. అంటే అప్పగించడమంటే వదులుకోవడం కాదు. మీ తమ్ముడికి రివాల్వర్ మీద ఆశ ఉంటే, ఆ ఆశ నెరవేరే దారి కూడా స్టేషన్ మీదుగానే వెళ్తుంది. ఇంట్లో దాచుకుంటే మాత్రం ఎప్పటికీ నెరవేరదు.

ఇప్పుడు మీ చిన్నాన్నగారి సలహా. ఆయన మంచికే చెప్పారు గాని అది చాలా ప్రమాదకరమైన సలహా. రివాల్వర్‌ను కారు డిక్కీలో పెట్టుకుని జిగణి నుంచి బయల్దేరి, బాగేపల్లి టోల్ దాటి, కొడికొండ చెక్‌పోస్టు దాటి ఊరు చేరే లోపు ఎక్కడ ఆపి చూసినా మీ దగ్గర చూపించడానికి ఏ కాగితమూ ఉండదు. లైసెన్సుదారుడి కోసం, ఆయన రాసిచ్చిన అనుమతితో, రిపేరుకో రెన్యువల్‌కో మరొకరు తుపాకి తీసుకెళ్లే వెసులుబాటు చట్టంలో ఉంది. కానీ అనుమతి రాసివ్వాల్సిన మనిషే ఇప్పుడు లేరు. ఇంకో విషయం. లైసెన్సు పుస్తకంలో ఏ ప్రాంతానికి చెల్లుతుందో రాసి ఉంటుంది, తీసి చూడండి. మామూలుగా జిల్లా అనో, రాష్ట్రం అనో ఉంటుంది. ఆంధ్రప్రదేశ్ అని ఉంటే మీ నాన్నగారు బతికున్నప్పుడైనా దాన్ని జేబులో వేసుకుని బెంగళూరు రావడానికి వీల్లేదు. కాబట్టి ఒకసారి జరిగిన తప్పును దిద్దడానికి అదే దారిలో వెనక్కి వెళ్లి ఇంకోసారి అదే తప్పు చేయకండి. పైగా రెండూ ఊరి స్టేషన్లోనే ఇస్తూ “రెండూ ఊళ్లోనే ఉన్నాయి” అని రాసిస్తే ఆ కాగితం, తర్వాత ఆ డీపీ ఫొటో బయటపడిన రోజున మీ మెడకే చుట్టుకుంటుంది. చట్టం చెప్పింది దగ్గర్లోని స్టేషన్ అని. రివాల్వర్‌కు దగ్గర్లోని స్టేషన్ జిగణి వైపుది. డబుల్ బ్యారెల్‌కు మీ ఊరిది. రెండు ఆయుధాలు, రెండు స్టేషన్లు, రెండు అర్జీలు.

ఏడు నెలల ఆలస్యం గురించి. చావు ఇంట్లో మొదటి నెల ఎలా గడుస్తుందో పోలీసులకూ తెలుసు. తర్వాతి ఆరు నెలలకే సమాధానం చెప్పాలి. దానికి నిజం తప్ప మంచి సమాధానం లేదు: గడువు ఉంది కాబట్టి ఫరవాలేదనుకున్నాం, కాదని ఇప్పుడు తెలిసింది, తెలిసిన వెంటనే తెచ్చాం. తమంతట తాము తెచ్చి అప్పగించిన వాళ్లకూ, సోదాలో దొరికిన వాళ్లకూ మధ్య చాలా తేడా ఉంటుంది. మూడో సెక్షన్ కింద కేసు నడపాలంటే ముందు జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి కావాలన్న రక్షణ కూడా చట్టంలో ఉంది. అయినా రివాల్వర్ రాష్ట్రం దాటింది కాబట్టి తమ్ముడు ఒంటరిగా స్టేషన్‌కు వెళ్లకూడదు. క్రిమినల్ కేసులు చూసే బెంగళూరు లాయరును ముందు కలవమనండి. అర్జీ ఆ లాయరే కన్నడంలోనో ఇంగ్లీషులోనో రాస్తారు. ముందస్తు బెయిలు కావాలా అక్కర్లేదా అన్నది కూడా కాగితాలన్నీ చూశాక ఆయనే చెప్పాలి. ఇది రేపో ఎల్లుండో కావాలి. వచ్చే శనివారం దాకా ఆగే పని కాదు.

అర్జీలో కథలు వద్దు. నాన్నగారి పేరు, లైసెన్సు నంబరు, చనిపోయిన తేదీ, ఆయుధం రకం, దాని మీద చెక్కిన నంబరు, తూటాలు ఎన్ని, ఇప్పటిదాకా ఎక్కడుంది, అక్కడికి ఎలా వచ్చింది, ఇప్పుడు అప్పగిస్తున్నాం, వారసులుగా తిరిగి తీసుకునే హక్కు ఉంచుకుంటున్నాం. ఇంతే. మరణ ధ్రువపత్రం నకలు, లైసెన్సు నకలు జత చేయండి. అసలు లైసెన్సు చూపించండి గాని, అడిగితే తప్ప ఇవ్వకండి. ఇస్తే దానికీ రసీదు తీసుకోండి. తేదీలు మాత్రం అటూ ఇటూ మార్చకండి. మరణ ధ్రువపత్రం మీద తేదీ అచ్చేసి ఉంటుంది.

ఆయుధాన్ని తరలించడం గురించి నా అభిప్రాయం ఇది. ముందు లాయరు ద్వారా స్టేషన్‌కు కబురు చెప్పి, వాళ్లే ఇంటికొచ్చి తీసుకుంటే అంతకంటే మంచిది లేదు. మీరే తెమ్మంటే తూటాలు తీసేసి, తూటాలు ఒక డబ్బాలో, ఆయుధం ఇంకో సంచిలో పెట్టుకుని, అర్జీ చేతిలో పట్టుకుని, ఇంటి నుంచి నేరుగా స్టేషన్‌కే వెళ్లాలి. మధ్యలో కాఫీకి కూడా ఆగొద్దు. రివాల్వర్‌లో తూటాలున్నాయో లేదో చూడటం రాకపోతే దాన్ని అసలు ముట్టుకోవద్దు. ఖాళీగానే ఉందనుకున్న తుపాకి పేలి జరిగిన ఘోరాలు అందరం వింటూనే ఉంటాం. వచ్చి ఖాళీ చేయమని పోలీసులను అడగడం నామోషీ కాదు. ఊళ్లో అమ్మగారికైతే ఇదింకా గట్టిగా చెప్పండి. బీరువా తాళం వేసి, తాళంచెవి తన దగ్గరే ఉంచుకోమనండి. “ఒకసారి చూస్తాను పెద్దమ్మా” అంటూ ఏ కుర్రాడొచ్చినా తీయొద్దనండి.

స్టేషన్లో రసీదు లేకుండా బయటికి రావద్దు. అందులో ఆయుధం తయారీ, బోరు, నంబరు, తూటాల లెక్క, తేదీ, స్టేషన్ ముద్ర, జనరల్ డైరీ (స్టేషన్లో రోజువారీ సంగతులు రాసే పుస్తకం) నంబరు ఉండాలి. స్టేషన్లో కాగితాలు రాసే రైటర్ తొందరలో “ఒక తుపాకి, కొన్ని తూటాలు” అని రాసేయొచ్చు. ఓపిగ్గా మళ్లీ రాయించుకోండి. రేపు ఆయుధం తిరిగి తీసుకోవాలన్నా, అమ్మాలన్నా ఆ రసీదే ఆధారం. ఈ నంబర్లు సరిచూసుకోవడానికి మీ నాన్నగారి పాత ఫైలు వెతకండి. 2024లో ఆంధ్రాలో అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికలు కలిసి వచ్చినప్పుడు లైసెన్సు ఆయుధాలు చాలామంది చేత స్టేషన్లలో జమ చేయించారు. మీ నాన్నగారూ చేసి ఉంటే ఆ రసీదు ఫైల్లో దొరకొచ్చు. నంబర్లు చెరిగిపోయిన పాత తుపాకికి అలాంటి కాగితం చాలా విలువైనది.

తూటాల సంగతి జనం తేలిగ్గా తీసుకుంటారు, అక్కడే దొరికిపోతారు. చట్టం దృష్టిలో తూటా ఒక్కటున్నా అది తూటాయే. బీరువా అరలు, పాత కోటు జేబులు, కారు డ్యాష్‌బోర్డు, నాన్నగారు ప్రయాణాలకు వాడిన సంచులు అన్నీ దులపండి. ముఖ్యంగా ఆయన సూట్‌కేసుగాని, భుజాన వేసుకునే సంచిగాని మీ ఇళ్లలో ఎవరైనా వాడుతుంటే లైనింగ్ లోపల కూడా చేయి పెట్టి చూడండి. బెంగళూరు దేవనహళ్లి ఎయిర్‌పోర్టు స్కానర్‌లో మరచిపోయిన తూటా ఒకటి కనబడితే విమానం వెళ్లిపోతుంది, మీరు స్టేషన్లో కూర్చుంటారు. తన దగ్గర అది ఉందని తెలియనివాడిది నేరం కాదని, తెలిసి ఉంచుకోవడమే అసలు అంశమని సుప్రీంకోర్టు 1972లోనే గున్వంత్‌లాల్ కేసులో వివరించింది. ఆ మాట ఆధారంగా హైకోర్టులు ఇలాంటి కేసులు కొట్టేసిన సందర్భాలూ ఉన్నాయి. కానీ కొట్టేయించుకోవడానికి హైకోర్టు దాకా వెళ్లాలి కదా.

గోడ మీది తుపాకి. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఇదే. మీరేమో దాన్ని చివర్లో, అలంకారం గురించి చెప్పినట్టు చెప్పారు. మందు కూరి కాల్చే నాటు తుపాకికీ లైసెన్సు కావాల్సిందే. పాత కాలపు నమూనా ఆయుధం, పురాతన విలువ ఉన్నది, లేదా పాడైపోయినది అయి, రిపేరు చేసినా చేయకపోయినా తుపాకిగా పనికిరాని స్థితిలో ఉంటే దానికి చట్టంలోని నలభై అయిదో సెక్షన్ మినహాయింపు ఇస్తుంది. ఆ “రిపేరు చేసినా” అన్న మాటను జనం వదిలేస్తారు. తుప్పు పట్టింది, ఎవరూ కాల్చి ముప్పై ఏళ్లయింది, గుర్రం (తుపాకిని పేల్చే సుత్తి) విరిగింది అంటే సరిపోదు. కమ్మరి కొలిమిలో ఒక పూట పనితో మళ్లీ పేలేలా ఉంటే అది తుపాకే. పేలుతుందా లేదా అన్నది మీరూ నేనూ తేల్చేది కాదు, ఆయుధాలు తెలిసిన నిపుణుడు పరీక్షించి చెప్పాలి. మీ జేజినాయన పేరున పంట కాపలా కోసం ఇచ్చిన పాత లైసెన్సు ఏదైనా ట్రంకు పెట్టెలో ఉందేమో వెతకండి. దొరికితే ఆ తుపాకి ఇంటికి సక్రమంగానే వచ్చిందని చెప్పడానికి ఆధారం ఉంటుంది. దొరక్కపోయినా డబుల్ బ్యారెల్‌తో పాటే దాన్నీ అప్పగించండి, అర్జీలో విడిగా రాయండి: వంశపారంపర్యంగా గోడకు ఉన్నది, మా హయాంలో వాడలేదు, లైసెన్సు కాగితం దొరకలేదు, పరీక్షించి చట్టప్రకారం చేయండి. ఊళ్లో కూడా ఈ ఒక్క ఆయుధం కోసమైనా లాయరు పక్కనుండాలి. జేజినాయన గుర్తు అని మనసు ఒప్పుకోదు, తెలుసు. నిపుణుడు పనికిరాదని తేల్చి రాసిస్తే అది మళ్లీ మీ గోడ మీదికే రావచ్చు, ఈసారి కాగితంతో. చెరువులోనో పాడుబావిలోనో పారేద్దామని మాత్రం ఎవరు చెప్పినా వినకండి. రేపు ఎవరికో దొరికితే దానితో ఏం జరిగినా ఆ ఊళ్లో అది ఎవరి గోడ మీద ఉండేదో అందరికీ తెలుసు.

కూర్గ్ స్నేహితుడు చెప్పింది నిజమే. కూర్గ్ అంటే కొడగే. అక్కడి కొడవ జాతి వాళ్లకు, కొడగులో వంశపారంపర్యంగా వచ్చే జమ్మా భూములున్న వాళ్లకు లైసెన్సు నుంచి మినహాయింపు బ్రిటిషు కాలం నుంచీ ఉంది. కేంద్రం దాన్ని 2029 అక్టోబరు 31 దాకా పొడిగించింది, కర్ణాటక హైకోర్టు 2021లో సమర్థించింది. అది వాళ్ల ఆచారానికి, వాళ్ల నేలకు సంబంధించిన హక్కు. అనంతపురం వాళ్లకు అందులో వాటా లేదు.

ఇక తమ్ముడి కోరిక. తుపాకి ఆస్తి. ఆ ఆస్తిలో మీ అమ్మగారికి, మీకు, తమ్ముడికి సమాన భాగం ఉంది. వీలునామా ఉంటే ఆ ప్రకారం. లైసెన్సు వేరే సంగతి, అది ప్రభుత్వం ఇస్తేనే. 2016 ఆయుధాల నిబంధనల్లో ఇరవై అయిదో నిబంధన కింద, చనిపోయిన లైసెన్సుదారుడి వారసుడు తన పేరున లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. మరణ ధ్రువపత్రం, తహసీల్దార్ ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, మిగతా వారసులు అంటే మీరు, అమ్మగారు అభ్యంతరం లేదని ఇచ్చే అఫిడవిట్లు, ఆయుధాన్ని భద్రంగా వాడటంలో శిక్షణ పొందినట్టు పత్రం, డాక్టరు సర్టిఫికెట్ అడుగుతారు. పోలీసు విచారణ ఉంటుంది. ఏదైనా సైటు గొడవలో అతని మీద కేసు ఉంటే అది దాయకుండా రాయాలి. దాచింది బయటపడితే దరఖాస్తు తిరస్కరించడానికి వాళ్లకు వేరే కారణం అక్కర్లేదు. లైసెన్సు వచ్చాక దేశవ్యాప్త డేటాబేసులో అతని పేరున ఒక ప్రత్యేక నంబరు పడుతుంది. అది లేని లైసెన్సు ఈ రోజుల్లో చెల్లదు. ఒక మనిషికి రెండు ఆయుధాలే అన్న పరిమితి వారసత్వంగా వచ్చిన వాటికీ వర్తిస్తుంది, 2019కి ముందు అది మూడు.

దరఖాస్తు ఎక్కడ పెట్టాలన్నది ఇంకో చిక్కు. ఆధార్ ఊరి అడ్రసుతో ఉండి, మనిషి బెంగళూరులో ఉండే మనవాళ్లు ఇక్కడ వేలకు వేలు. లైసెన్సు ఇచ్చే అధికారి మీరు నిజంగా నివసించే చోటు వాడై ఉండాలి. బెంగళూరు నగరంలో అయితే పోలీసు కమిషనర్. కానీ జిగణి ఉన్న ఆనేకల్ తాలూకా వైపు చాలా చోట్ల కమిషనర్ పరిధి కాదు, జిల్లా పోలీసులది. అక్కడ మన కలెక్టరు లాంటి డీసీ (డిప్యూటీ కమిషనర్) దగ్గరికి పోవాలి. తమ్ముడి ఇల్లు ఏ స్టేషన్ కిందికి వస్తుందో తేల్చుకుంటే ఈ సంగతీ తేలిపోతుంది.

జిగణి అనగానే నాకు తట్టినదొకటి చెబుతాను. ఇది లాయర్లు కూడా తరచూ మరచిపోయేదే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ముప్పై నాలుగో సెక్షన్ ప్రకారం అభయారణ్యానికి పది కిలోమీటర్ల లోపల ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి ముందస్తు సమ్మతి లేకుండా కొత్త ఆయుధ లైసెన్సు ఇవ్వకూడదు. అక్కడ లైసెన్సున్న వాళ్లు ఆయన దగ్గర పేరు నమోదు చేసుకోవాలి కూడా. ఈ సెక్షన్ జాతీయ ఉద్యానాలకూ వర్తిస్తుంది. బన్నేరుఘట్ట జాతీయ ఉద్యానం జిగణికి పక్కనే ఉంది. అంటే మీ తమ్ముడి ఫైలు అటవీశాఖ దాకా వెళ్లి రావాలి. కుదరదని కాదు, కానీ నెలలు పడుతుంది. ఇల్లు పది కిలోమీటర్ల లోపలో బయటో ముందే చూసుకుని, లోపలే అయితే ఆ సమ్మతి కోసం మొదటి రోజే అడగడం మంచిది.

ఇంత చేసి రివాల్వర్ తెచ్చుకోవాలా అన్నది అతని ఇష్టం. నన్నడిగితే వద్దంటాను. ఊళ్లో చేను చూసుకునే రైతుకు డబుల్ బ్యారెల్‌తో ఏదో అవసరం ఉందనుకోవచ్చు. అయినా లైసెన్సు ఉందని అడవిపందిని కాల్చే హక్కు రాదు, దానికి అటవీశాఖ అనుమతి వేరే. గేటు, కాపలా ఉన్న లేఅవుట్లో, చిన్నపిల్లలున్న ఇంట్లో, ఫొటో దిగాలనిపించే వయసులో రివాల్వర్ ఏం కాపాడుతుందో నాకు తెలియదు. లైసెన్సు వచ్చినా దాన్ని ఎక్కడ, ఎలా భద్రపరుస్తారో హామీ ఇవ్వాలి. ఊరేగింపులో, పెళ్లిలో గాల్లోకి కాల్చి ఇతరుల ప్రాణాలకు ముప్పు తెస్తే రెండేళ్ల దాకా జైలు గాని, లక్ష రూపాయల దాకా జరిమానా గాని, రెండూ గాని అని 2019 సవరణ ప్రత్యేకంగా చేర్చింది. తను దగ్గర లేకుండా, రాసిచ్చిన అనుమతీ లేకుండా డ్రైవరు చేతికిచ్చి పంపినా నేరమే. ఇల్లు మారితే 30 రోజుల్లో పాత అధికారికీ, కొత్త అధికారికీ తెలియజేయాలి. రెన్యువల్‌కు గడువు తీరడానికి కనీసం 60 రోజుల ముందే దరఖాస్తు పెట్టాలి. ఈ చాకిరీ అంతా జీవితాంతం చేయగలడా అని అడగండి.

చేయలేనంటే అమ్మేయండి. అర్హత ఉన్న డీలరుకు గాని, లైసెన్సున్న వ్యక్తికి గాని అమ్మొచ్చు. సంబంధిత అధికారికి రాసిచ్చి, అనుమతి తీసుకున్నాకే డబ్బు చేతులు మారాలి. పాత డబుల్ బ్యారెల్‌కు పెద్ద ధర వస్తుందని ఆశపడకండి. స్టేషన్ మల్ఖానాలో (అప్పగించిన, పట్టుబడిన వస్తువులు ఉంచే గదిలో) తేమకు ఆయుధం తుప్పు పడుతుందని బాధగా ఉంటే డీలరు దగ్గరికి మార్పించమని తర్వాత అర్జీ పెట్టుకోవచ్చు, నెలనెలా అద్దె కట్టాలి. ఉంచుకుంటారా అమ్ముతారా అన్నది తేల్చకుండా ఏళ్లు గడిపితే మాత్రం, చట్టం పెట్టిన గడువు దాటాక దాన్ని ప్రభుత్వం స్వాధీనం చేసుకుంటుంది.

మీ ఉత్తరం చదివే వాళ్లలో తండ్రులు బతికున్న వాళ్లు చాలామందే ఉంటారు. వాళ్లకొక మాట. లైసెన్సుదారుడికి 70 ఏళ్లు నిండినా, ఆయన ఆ ఆయుధాన్ని 25 ఏళ్లుగా ఉంచుకున్నా, రెంటిలో ఏది ముందైతే అప్పుడు, తను బతికుండగానే వారసుల్లో ఒకరిని ఎంచి వాళ్ల పేరున లైసెన్సు అడగొచ్చు. అదే ఇరవై అయిదో నిబంధనలో ఉంది. ఆ పని జరిగి ఉంటే మీకీ ఉత్తరం రాసే పని ఉండేది కాదు. ఎవరికీ అక్కర్లేదనుకుంటే పెద్దాయన చేతుల మీదుగానే అమ్మించేయడం ఇంకా సులువు.

చివరిగా అమ్మగారి గురించి అడిగారు. తుపాకి ఆమె ఇంట్లో, తాళంచెవి ఆమె కొంగున ఉంది కాబట్టి చట్టం ఆమెనే చూస్తుంది. అది దాచలేం. అందుకే ఊళ్లో ఇచ్చే అర్జీ ఆమె పేరునే, ఆమె సంతకంతోనే ఉండాలి. సంతకం పెట్టే ముందు లాయరు చేత ఆమెకు చదివి వినిపించండి. చిన్నాన్నగారికి స్టేషన్లో పరిచయాలుంటే వాటిని ఈ ఒక్క పనికి వాడుకోండి: ఆమెను స్టేషన్‌కు పిలవకుండా ఎస్సైగారు ఇంటికే వచ్చి తీసుకెళ్లేలా, రసీదు ఇంట్లోనే రాసిచ్చేలా. మీరు ఆ రోజు సెలవు పెట్టి ఆమె పక్కన ఉండండి.